అద్దకం బట్ట మీద ఆంక్షలు: బందరు నుంచి పెడన దాకా

అద్దకం బట్టను కట్టకూడదనీ, అమ్మకూడదనీ, ఫలానా గుర్తు లేనిదే బయటికి తేకూడదనీ, ఫలానా ఊరి పేరు పెట్టకూడదనీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు ప్రభుత్వాలు శాసనాలు చేశాయి. ఈ బట్టకు పేరు తెచ్చిన తావుల్లో బందరు అనే మచిలీపట్నం రేవు ముఖ్యమైనది. ఆ పని ఇప్పుడు ఎక్కువగా సాగుతున్నది బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో, గుడివాడ రైలు మార్గం మీద ఉన్న పెడనలో. శాసనాల చరిత్రలో రాజులు, పార్లమెంట్లు చేసిన నిర్ణయాల కంటే ఆ నిర్ణయాలను అమలు చేయడానికి పడిన పాట్లే ఆసక్తికరంగా ఉంటాయి. బట్ట చేతులు మారుతుంది, సముద్రం దాటుతుంది, చొక్కాగానో పరదాగానో మారిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే చూడగానే తెలిసే గుర్తు ఏదో ఒకటి ఉండాలి. ఏ కాలపు ఆంక్ష నిలిచిందో, ఏది నీరుగారిందో చాలావరకు ఆ గుర్తును బట్టే తేలింది.

పని క్రమం తెలిస్తే ఆ ఇబ్బంది అర్థమవుతుంది. గంజి పోయేదాకా నానబెట్టి ఉతికిన నూలుబట్టను ముందు కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీటిని కసిమి అంటారు. కరక్కాయ పట్టిన బట్టకు కసిమి తగలగానే నలుపు తేలుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లను జిగురుతో చిక్కబరచి అచ్చుతో అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు కనబడదు. బట్టను పారే నీళ్లలో జాడించి, చిరివేరో మంజిష్ఠో వేసిన కాగులో కాచినప్పుడు పటిక తగిలినంత మేరకే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట్ల ఉతుకులో పోతుంది. పసుపు, నీలం వేరే అంచెల్లో వస్తాయి. అచ్చులు టేకు చెక్కతో చెక్కినవి, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. శ్రీకాళహస్తిలో కలంతో గీయడం ప్రధానమైతే బందరు ప్రాంతంలో అచ్చు ప్రధానం. ఐరోపావారిని ఆకట్టుకున్నది బొమ్మల అందం ఒక్కటే కాదు. ఎన్ని ఉతుకులైనా రంగు దిగకపోవడం వారికి అప్పటికి చేతకాని విద్య. ఆ విద్యను రెండు గజాల దూరం నుంచి చూసి కనిపెట్టడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

పదిహేడో శతాబ్దం మొదట్లో మచిలీపట్నం గోల్కొండ సుల్తానులకు ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లో వచ్చి మరుసటేడు వర్తకశాల పెట్టుకున్నారు. ఆంగ్లేయుల గ్లోబ్ ఓడ 1611లో చేరింది. అప్పటి కట్టుబాట్లు బట్ట మీద కాదు, బట్ట కొనేవాడి మీద. రేవు హవల్దార్లు సుంకాలు వసూలు చేసేవారు. వారి వేధింపులు పడలేక ఆంగ్లేయులు 1628లో కొంతకాలం నెల్లూరు తీరంలోని ఆర్మగాఁవుకు మకాం మార్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానాతో వారి పరిస్థితి కుదుటపడింది. ఏటా 500 వరహాలు చెల్లిస్తే గోల్కొండ రేవుల్లో సుంకం బాధ లేకుండా వర్తకం చేసుకోవచ్చన్నది దాని సారం. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో దీన్ని బంగారు ఫర్మానా అన్నారు. ఇలాంటి ఏర్పాటును అమలు చేయడం తేలిక. మూటలు విప్పి లెక్కపెట్టనక్కర్లేదు, సంవత్సరానికి ఒకసారి సొమ్ము ముట్టిందా లేదా చూసుకుంటే చాలు. ఆ కాలంలో బందరు అద్దకానికి పెద్ద గిరాకీ ఐరోపాలో కాదు, పర్షియాలో. నమాజు దుప్పట్లు, పరదాలు, అంగీల బట్టలు పర్షియన్ల అభిరుచికి తగ్గట్టు తయారై గల్ఫు రేవులకు వెళ్లేవి. పెడన అచ్చుల్లోని తీగలు, కోణాకారపు చెట్లు, చిన్న చిన్న పూల వరసల్లో ఆ ప్రభావం నేటికీ ఉంది.

మొదటి పెద్ద నిషేధం ఫ్రాన్సుది. పద్నాలుగో లూయీ ప్రభుత్వం 1686 అక్టోబరు 26న ఇచ్చిన ఉత్తర్వు హిందూదేశపు అద్దకం బట్టల దిగుమతిని, ఫ్రాన్సులో వాటికి నకళ్లు తయారు చేయడాన్ని ఒకేసారి మాన్పించింది. అచ్చులు దొరికితే పగలగొట్టమంది. పట్టు, ఉన్ని నేతవారిని కాపాడటం దాని ఉద్దేశం. అప్పటికే ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టి పదిహేడేళ్లయింది. ఇక్కడ కొనే దేశమే అక్కడ కట్టవద్దన్నదన్నమాట. ఆ తర్వాత ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వచ్చాయి. వీధిలో ఆడవాళ్ల ఒంటి మీది గౌన్లను చించడం, జరిమానాలు వేయడం, దొంగరవాణా చేసేవారికి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష విధించడం వరకూ పోయింది వ్యవహారం. ఒకే విషయం మీద పదే పదే ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే మునుపటిది పనిచేయలేదనే అర్థం. పొరుగున ఉన్న డచ్చి దేశంలో నిషేధం లేదు. అక్కడి నుంచి బట్ట సరిహద్దు దాటుతూనే ఉంది. ఉత్తర్వులు పుట్టిన రాజాస్థానంలోనే దొరసానులు అద్దకం బట్టలు కట్టారు. ఎట్టకేలకు 1759లో నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్లేయ సైన్యం బందరు కోటను ఫ్రెంచివారి నుంచి గెలుచుకుంది. ఫ్రాన్సు అద్దకానికి తలుపులు తీసేనాటికి అద్దకపు రేవు దాని చేతిలో లేదు.

ఇంగ్లండు పద్ధతి వేరు. 1700లో పార్లమెంటు చేసిన చట్టం 1701 సెప్టెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. హిందూదేశం, పర్షియా, చైనాల నుంచి వచ్చే పట్టుబట్టలను, అద్దకం వేసిన లేదా రంగులు దిద్దిన నూలుబట్టలను దేశంలో కట్టడానికి గానీ ఇల్లు అలంకరించడానికి గానీ వాడరాదంది. తిరిగి ఎగుమతి చేసేందుకు గిడ్డంగుల్లో తాళం వేసి ఉంచవచ్చు. తెల్లబట్టకు మాత్రం ఈ నిషేధం లేదు. దాని ఫలితం చట్టం చేసినవారు కోరనిది. హిందూదేశపు తెల్లబట్టను దిగుమతి చేసుకుని లండనులోనే అద్దే పని పుంజుకుంది. నేతవారికి పోటీ తగ్గలేదు, పోటీదారు సముద్రం దాటి ఇంటి పక్కకు వచ్చాడంతే. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి అద్దకం గౌన్లు తొడిగిన స్త్రీల మీద సిరా, ఆమ్లం చల్లారు. గౌన్లు చించారు.

వారి ఒత్తిడితో వచ్చిన 1721 చట్టం బట్ట పుట్టుకను వదిలేసి బట్ట రూపాన్ని పట్టుకుంది. అచ్చు ఎక్కడ వేశారన్నది అనవసరం, అద్దకం వేసిన నూలుబట్ట ఏదైనా సరే కట్టకూడదు. 1722 డిసెంబరు 25 తర్వాత కట్టినవారికి 5 పౌండ్లు, అమ్మినవారికి 20 పౌండ్లు జరిమానా. కట్టినవారి జరిమానా ఆచూకీ చెప్పినవాడికి దక్కుతుంది. అంటే అమలు బాధ్యతను అధికారుల నుంచి తీసి ఇరుగుపొరుగు చేతిలో పెట్టారు. పూర్తిగా నీలంగా అద్దిన బట్టకు, మస్లినుకు మినహాయింపు ఇచ్చారు. నార, నూలు కలిపి నేసిన ఫస్టియన్‌కూ సడలింపు దొరికింది, దాన్ని 1736లో ఇంకో చట్టంతో స్థిరపరిచారు. నార కలిసిందో లేదో తడిమి చెప్పడం కష్టం కాబట్టి నిషేధానికి ఆ సందులోంచే పెద్ద గండి పడింది. 1774లో నిషేధం ఎత్తివేసినప్పుడు పార్లమెంటు ఒక ఉపాయం చేసింది. బ్రిటన్‌లోనే వడికి, నేసి, అద్దిన పూర్తి నూలుబట్టకు అంచులో మూడు నీలి పోగులు నేయాలంది. అప్పటినుంచి అధికారి బొమ్మను చూడనక్కర్లేదు, రంగు పుట్టుపూర్వోత్తరాలు తేల్చనక్కర్లేదు, అంచు చూస్తే చాలు. అద్దకం చట్టాలన్నిటిలోనూ తెలివైన నిబంధన ఇదే. అంతకు ముందు డెబ్భై ఏళ్ల చట్టాలు వెతికిన గుర్తు ఆ మూడు పోగుల్లో దొరికింది. ఆ పోగులు లేని మచిలీపట్నం బట్ట మాత్రం బ్రిటిష్ వినియోగదారునికి దూరంగానే ఉండిపోయింది.

ఈ శాసనాల వల్లే బందరు అద్దకం దెబ్బతిన్నదని తరచూ రాస్తుంటారు. అది సగం నిజం. 1722లోనే అఫ్ఘన్ల చేతిలో ఇస్ఫహాను పడిపోయి సఫవీ రాజ్యం కూలింది. బందరుకు పర్షియా పెద్ద బజారు కనుక ఆ దెబ్బ లండను జరిమానాల కంటే తేలికైనదేమీ కాదు. పైగా చట్టాలు ఆపింది అద్దకాన్ని, నేతను కాదు. తెల్లబట్ట కొనుగోళ్లు సాగుతూనే ఉన్నాయి. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీద మదపొల్లం అనే తెల్లబట్ట రకం ఐరోపా బజార్లలో స్థిరపడింది. నష్టపోయినవాడు అచ్చు వేసేవాడు, రంగు కాచేవాడు, చిరివేరు తవ్వేవాడు. మగ్గం వాడి కష్టాలు తర్వాత మొదలయ్యాయి.

బందరు ఉన్న ఉత్తర సర్కారులు 1765–66లో కంపెనీ వశమయ్యాక కొనేవాడే పాలకుడయ్యాడు. కంపెనీ వర్తక పద్ధతి బయానా మీద నడిచేది. నేతవాడు ముందు సొమ్ము తీసుకుని, ఇన్ని తానులు ఈ గడువుకు ఈ మచ్చుకు సరిపడేలా ఇస్తానని ముచ్చలికా రాసేవాడు. వర్తకుల మధ్య పోటీ ఉన్నంతకాలం అది బేరమే. గిట్టకపోతే సొమ్ము తిప్పి ఇచ్చి డచ్చివారికో ఫ్రెంచివారికో నేసుకోవచ్చు. ఇప్పుడు ముచ్చలికా తప్పినవాణ్ణి శిక్షించే అధికారం కూడా ఎదుటి పక్షం చేతికే వచ్చింది. కంపెనీ పని పూర్తయ్యేదాకా వేరొకరికి నేయకూడదన్న నియమం పెట్టారు. తప్పినవారి ఇంటి దగ్గర బంట్రోతును కూర్చోబెట్టి అతని బత్తెం కూడా ఆ ఇంటివారి చేతే పెట్టించేవారు. తెచ్చిన తానును మచ్చుతో పోల్చి మొదటి రకమో రెండో రకమో మూడో రకమో తేల్చేది కంపెనీ గుమాస్తా, ధర దాన్ని బట్టి. ఇంగ్లండు చట్టానికి దొరకని నమ్మకమైన సాక్షి ఇక్కడ ఇట్టే దొరికాడు, మగ్గం ఎక్కడికీ పోదు కనుక. పద్దెనిమిదో శతాబ్దం చివర ఉత్తర సర్కారుల్లో నేతవారు గుంపులుగా పని మానిన సంఘటనలు కంపెనీ రికార్డులకెక్కాయి. వారి అర్జీల్లో ధర ఎంత ముఖ్యమో రకం తేల్చే గుమాస్తా మీది ఫిర్యాదూ అంతే ముఖ్యం.

పన్నులు దీనికి అదనం. మగ్గం మీద, వృత్తి మీద మొహతర్ఫా, దారిలో సరకు మీద సాయరు సుంకం ఉండేవి. మద్రాసు రాజధానిలో లోపలి సాయరు సుంకాలను 1844లో తీసేశారు. మొహతర్ఫా ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ పోలేదు. మగ్గం పన్నుకు అమలు చిక్కే లేదు. మగ్గం గుంట ఇంట్లో కదలకుండా ఉంటుంది, లెక్క పెట్టడానికి గ్రామ కరణం చాలు. బ్రిటన్‌లో మాత్రం హిందూదేశపు కాలికో (నూలుబట్ట) మీద దిగుమతి సుంకం 1824లో నూటికి 67½ దాకా ఉంది. 1832 నాటికి పదికి దించారు. అప్పటికి మాంచెస్టరు మరల బట్టే ఇటు వస్తోంది, కనుక తగ్గింపు వల్ల ఇక్కడివారికి ఒరిగింది లేదు. కంపెనీ వర్తక గుత్తాధికారం 1813లో సడలి, వర్తకం మొత్తమే 1833 చట్టంతో ముగిసింది. బందరు వర్తకానికి పెద్ద కొనుగోలుదారు పోయాడు. అది చాలదన్నట్టు 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన పట్టణాన్ని ముంచి సుమారు ముప్ఫై వేల మందిని పొట్టన పెట్టుకుంది.

ఏ శాసనమూ చేయనంత మార్పు 1869 ప్రాంతంలో జర్మనీ ప్రయోగశాల చేసింది. మంజిష్ఠ వేరులోనూ చిరివేరులోనూ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను గ్రేబ, లీబెర్మాన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారు చేయగలిగారు. ఇసుక నేలల్లో చిరివేరు తవ్వుకుని బతికే వృత్తికి అది చివరి రోజు. పటిక, కరక్కాయ మాత్రం పాత పద్ధతిలోనే మిగిలాయి, వాటి మీద కొత్త అలిజరిన్ చక్కగా పట్టింది. అందుకే ఏది సహజ రంగు, ఏది కాదు అన్న ప్రశ్నకు పెడన కాగు దగ్గర ఒక్క మాటలో జవాబు దొరకదు. కసిమి నలుపు పాతదే, దాని పక్కనే ఉన్న ఎరుపు ఫ్యాక్టరీది కావచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆంక్షల దిశ మారింది. అంతదాకా చేతిపనిని అణచడానికి పెట్టినవి ఇప్పుడు మరను ఆపడానికి పెట్టారు. యుద్ధకాలంలో 1943లో నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు రాష్ట్రంలో చేనేత సంక్షోభం ముదిరినప్పుడు చీరలు, ధోవతులను చేనేతకే వదిలేయాలని ముఖ్యమంత్రి రాజాజీ పట్టుబట్టారు. కేంద్రం 1952 డిసెంబరులో మిల్లు ధోవతుల ఉత్పత్తిని అంతకు ముందున్న దానిలో నూటికి 60కి పరిమితం చేసింది. 1953లో మిల్లు బట్ట మీద గజానికి 3 పైసల చొప్పున (పాత లెక్కలో, అంటే అణాలో పావు వంతు) సెస్సు వేసి ఆ సొమ్ము ఖద్దరు, చేనేతలకు మళ్లించింది. ఆంధ్ర ప్రాంతంలో చేనేత సమస్యల మీద ఆచార్య ఎన్.జి. రంగా, ప్రగడ కోటయ్య వంటి నాయకులు దశాబ్దాలు పోరాడారు.

వీటికి కొనసాగింపే 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం. మొదట 22 రకాల బట్టలను చేనేతకు ప్రత్యేకించింది. మిల్లులు, మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1996లో జాబితా 11కు తగ్గింది. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి వంటివి అందులో ఉన్నాయి. ప్రత్యేకించిన రకాన్ని మరమగ్గం మీద నేస్తే నేరం. తనిఖీలకు రాష్ట్ర చేనేత శాఖలో ఎన్‌ఫోర్స్‌మెంట్ సిబ్బంది ఉన్నారు. వారి ముందున్న చిక్కు 1721 నాటి చట్టం ఎదుర్కొన్నదే. నేసిన తర్వాత మర ఏదో చేయి ఏదో చెప్పడం కష్టం, అందుకే నేస్తుండగా మరమగ్గం దగ్గర పట్టుకోవాలి. ఆ మరమగ్గాలున్నది తరచూ పక్క రాష్ట్రంలో. పెడన అద్దకానికి ఈ చట్టం పరోక్షంగానే ఉపయోగం, ఎందుకంటే అది నేతను కాపాడుతుంది, అచ్చును కాదు. 2006లో వచ్చిన చేనేత మార్కు కూడా అంతే, మగ్గం మీద నేసిన బట్టకిచ్చే ముద్ర.

అచ్చు వేసేవాడికి అసలు పోటీ వేరే వైపు నుంచి వచ్చింది. అదే బొమ్మను తెర మీదికెక్కించి రసాయన రంగుతో లాగితే పని నాలుగైదు రోజుల నుంచి గంటల్లోకి దిగుతుంది. దాన్ని స్క్రీన్ ప్రింటింగ్ అంటారు. ఇది దూరదేశపు కుట్ర కాదు. పెడనలోనే చేతి అచ్చు బల్లల పక్కన స్క్రీన్ బల్లలు వెలిశాయి. చాలా ఇళ్లలో ఒకే కుటుంబం రెండూ చేస్తుంది, ఆర్డరును బట్టి. ఇతర రాష్ట్రాల్లో డిజిటల్ యంత్రాలు వచ్చాక ధర మరీ దిగింది. దుకాణంలో మాత్రం అన్నిటినీ ఈ అద్దకపు పేరైన కలంకారీ అనే పిలుస్తారు.

దీనికి జవాబుగా వాడదగిన చట్టం వస్తువుల భౌగోళిక సూచికల చట్టం. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15 నుంచి అమలు చేశారు. మచిలీపట్నం కలంకారీ ఈ చట్టం కింద నమోదైంది. శ్రీకాళహస్తి కలంకారీకి వేరే నమోదు ఉంది. నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించాలి, అధీకృత వినియోగదారులుగా పేరు చేర్చుకున్నవారే ఆ పేరు వాడుకోవచ్చు. తప్పుడు సూచిక వేసినవారికి కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఖైదు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. చదవడానికి కఠినంగానే ఉంది. కానీ సోదా చేసి సరకు స్వాధీనం చేసుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి కావాలి. ఆయన కూడా ముందుగా చెన్నైలోని రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకోవాలి. ఆ కాగితం తిరిగి వచ్చేదాకా దుకాణంలో సరకు ఆగదు. అచ్చు వేసేవాడు సొంతంగా కోర్టుకు వెళ్లవచ్చు గానీ, రోజు కూలీ మీద బతికేవాడు సూరత్ వ్యాపారి మీద దావా నడపడం కాగితం మీద హక్కే.

గుర్తు విషయం ఇక్కడా తేలలేదు. చేతి అచ్చు బట్టలో ఒక అచ్చుకీ పక్క అచ్చుకీ మధ్య సన్నని అతుకు కనబడుతుంది, రంగు కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల పల్చగా ఉంటుంది. తడి బట్ట నుంచి కరక్కాయ, బెల్లం కలిసిన ఒక వాసన వస్తుంది. అలవాటైన చేయి ఇవన్నీ పట్టేస్తుంది. కానీ డిజిటల్ యంత్రం ఆ అతుకును కూడా ఫొటో తీసి అచ్చేస్తుంది.

భౌగోళిక సూచికల చట్టానికి ఇంకో హద్దు ఉంది. అది పేరును కాపాడుతుంది, బొమ్మను కాదు. ఎవరైనా పెడన తీగను, నెమలిని యథాతథంగా యంత్రం మీద అచ్చువేసి, మచిలీపట్నం అన్న మాట వాడకుండా అమ్మితే ఈ చట్టానికి దొరకడు. బొమ్మకు రక్షణ 2000 నాటి డిజైన్ల చట్టంలో ఉంది, పదేళ్లు, ఆపై మరో ఐదేళ్లు. అయితే అంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాని కొత్త డిజైనుకే ఆ నమోదు దొరుకుతుంది. తరతరాలుగా చెక్కుతూ వచ్చిన అచ్చుకు ఆ అర్హత లేదు. పెడన పనివాడు కొత్త అచ్చు గీసి, అద్ది, బజారుకు పంపాక నమోదు చేయించబోతే అప్పటికే అది ప్రచురితమైనట్టు. కాబట్టి మొదటి తాను అమ్మకముందే అర్జీ పెట్టాలి.